24 హెచ్‌పీ మినీ ట్రాక్టర్‌కి స్లాషరా, ఫ్లెయిల్ మోవరా?

నాలుగెకరాల మామిడి తోటలో గడ్డి కొయ్యడానికి ట్రాక్టర్ వెనక తగిలించే మోవర్ కొనాలి. వరుసల మధ్య 7 మీటర్లు. ట్రాక్టర్ 24 హెచ్‌పీ. పీటీఓ (వెనక పరికరాన్ని తిప్పే షాఫ్టు) 540 ఆర్‌పీఎం, అక్కడ అందేది 20 హెచ్‌పీ లోపే. వెనక టైర్ల బయటి వెడల్పు 110 సెంటీమీటర్లు కాబట్టి 4 అడుగుల మోవర్ సరిపోతుంది. 5 అడుగులదైతే వానాకాలం తడిగడ్డిలో ఇంజన్ మూలుగుతుంది.

స్లాషర్ చవక, ఫ్యాన్‌లా అడ్డంగా తిరిగే బ్లేడ్లు రెండే, నడుమెత్తు వయ్యారిభామనైనా నరికేస్తుంది. కానీ మాది గులకనేల. ముందూ వెనకా గొలుసులు లేకపోతే రాయి తూటాలా వస్తుంది, కూలీలు దగ్గర్లో ఉంటే ఇక చెప్పక్కర్లేదు. ఫ్లెయిల్ (తిరిగే రోటర్‌కి చిన్న చిన్న బ్లేడ్లు వేలాడే రకం) రాళ్లను అంతగా విసరదు, గడ్డిని సన్నగా తరిగి మల్చింగ్‌లా పరుస్తుంది. అయితే ఒక్క బ్లేడు ఊడినా రోటర్ బ్యాలెన్స్ తప్పి బేరింగులు పోతాయి. బెల్టుల ఖర్చు అదనం.

నా మొగ్గు ఫ్లెయిల్ వైపే. ఇలాంటి నేలలో వాడుతున్నవారు చెప్పండి: వై బ్లేడ్లు మేలా, సుత్తి బ్లేడ్లా? మొద్దు తగిలితే గేర్‌బాక్స్‌ను కాపాడటానికి షియర్ బోల్టు (భారం ఎక్కువైతే తెగిపోయేది) చాలా, స్లిప్ క్లచ్ (భారం ఎక్కువైతే జారిపోయేది) ఉండాల్సిందేనా? కొమ్మల కిందికి వెళ్లేలా పక్కకి జరిపే మోడల్ తీసుకుంటే చిన్న ట్రాక్టర్ ఒక పక్కకి లాగుతుందా? మొదళ్ల దగ్గరి 16 ఎంఎం డ్రిప్ పైపులు రోటర్‌కి చుట్టుకోకుండా ఎంత దూరం వదులుతున్నారు?