చర్చ: ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో మనం కోరినవి మాత్రమే కనిపించే వీలు ఉండాలా?

దారిగీత:
ఎవరైనా దిద్దగల ప్రపంచపటం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ప్రధాన పేజీ తెరిచి ఆసుపత్రులు మాత్రమే చూపమంటే చూపదు. తాగునీటి కుళాయిలు మాత్రమే కావాలన్నా అంతే. 2004లో మొదలైనప్పటి నుంచి ప్రపంచం నలుమూలల వాళ్లూ కలిసి పోగుచేసిన సమాచారం ఇది. ఎక్కించే పని అందరిదీ, ఏది కనబడాలో తేల్చే పని మాత్రం శైలి (ఏది ఎలా గీయాలో చెప్పే నియమాలు) రాసే నలుగురిదా? మ్యాప్ పక్కన గడులు పెట్టి, టిక్కు పెట్టినవే కనిపించేలా చేయాలంటాను. కాదనేవారు కారణం చెప్పండి.

టైలుపెట్టె:
కారణం ఉంది. ప్రామాణిక లేయర్‌లో, అంటే సైటు తెరవగానే కనిపించే మ్యాప్‌లో, మీకు వచ్చేవి 256 పిక్సెళ్ల చదరపు బొమ్మలు. వాటినే టైళ్లు అంటాం. రోడ్డు, చెరువు, ఊరి పేరు అన్నీ కలిపి ముందే గీసేసినవి. అందులోంచి చెరువును ఊడదీయలేం. పది అంశాలకు మీటలు ఇస్తే 1,024 కలయికలు అవుతాయి. ప్రతి కలయికకూ భూగోళం మొత్తం మళ్లీ గీయాలి. విరాళాలతో నడిచే సర్వర్లకు అంత శక్తి ఎక్కడిది?

దారిగీత:
ఆ కారణానికి కాలం చెల్లింది. 2025లో ప్రధాన సైటులోనే వెక్టర్ లేయర్ చేరింది. అందులో బొమ్మ రాదు, వివరాలు వస్తాయి. గీసుకునేది మన బ్రౌజరే. అక్కడ ఒక అంశాన్ని దాచడం ఎంత పని?

టైలుపెట్టె:
దాచడం తేలికే. అయితే మీరు అడిగేది దాచడం కాదు, కొత్తగా చూపడం. ఏ జూమ్‌లో ఏ అంశం రావాలో వెక్టర్ టైళ్ల స్కీమా (టైల్‌లో ఏవి ఉంచాలో చెప్పే పట్టిక) ముందే తేల్చేస్తుంది. బరువు తగ్గించడానికి బోలెడు ట్యాగులు (ఒక్కో అంశం ఏమిటో, ఎలాంటిదో చెప్పే గుర్తింపు మాటలు) వదిలేస్తారు. టైల్‌లో లేనిదాన్ని మీట నొక్కి ఎలా రప్పిస్తారు?

ఖాళీచోటు:
సాంకేతిక చిక్కులు ఇవాళ కాకపోతే రేపు తీరతాయి. నా అభ్యంతరం వేరు. మామూలు మ్యాప్‌లో ఒక వీధిలో గుర్తులేమీ లేకపోతే, ఇక్కడ ఇంకా ఎవరూ పని చేయలేదని చూడగానే తెలుస్తుంది. ఎందుకంటే ఇళ్లు, దుకాణాలు, పేర్లు ఏవీ ఉండవు. అదే కుళాయిలు మాత్రమే చూపే మ్యాప్‌లో ఆ ఆనవాళ్లన్నీ మాయమైపోతాయి. గుర్తు లేని చోట కుళాయి లేదని చూసేవారు నమ్ముతారు. నిజానికి అక్కడ కుళాయి ఉండి ఎవరూ ఎక్కించకపోయి ఉండవచ్చు.

పైగా ట్యాగుల సంగతి చూడండి. విడిగా ఉన్న కుళాయికి ‘అమెనిటీ=డ్రింకింగ్_వాటర్’ అని పెడతాం. మరుగుదొడ్డి దగ్గరో విడిది దగ్గరో నీళ్లు దొరికితే ఆ అంశం మీదే ‘డ్రింకింగ్_వాటర్=యెస్’ అని రాస్తాం. గడి వెనుక మొదటి ట్యాగు మాత్రమే ఉంటే రెండో రకం చోట్లన్నీ గల్లంతు. ఆ గడి ఏ ట్యాగులను వెతుకుతోందో చూసేవారికి తెలియదు. శైలి రాసిన నలుగురి పెత్తనం పోయిందనుకుంటాం. గడులు రాసిన ఇద్దరి పెత్తనం వస్తుంది. మొదటిదైనా కళ్లకు కనిపించేది!

నడకదారి:
ఖాళీచోటు గారి మాట నిజమే కానీ, ఆ లెక్కన ప్రామాణిక లేయర్ కూడా వడపోసినదే కదా. దుకాణాలు బాగా దగ్గరికి జూమ్ చేస్తే తప్ప రావు. దారి మీద రాళ్లు పరిచారా, మట్టేనా, చక్రాల కుర్చీ పడుతుందా అన్నవి డేటాలో ఉంటాయి, అక్కడ చాలావరకు కనిపించవు. చక్రాల కుర్చీలో తిరిగే మనిషికి మిగతా మ్యాప్ అంతా చెత్త. ఆయనకు కావలసింది ఇవ్వడానికి అంత జంకెందుకు?

వడపోత ఎలాగూ తప్పదు. ఎవరు వడపోశారో, ఏ ట్యాగులతో వడపోశారో మ్యాప్ మూలన రాసి పెడితే సరిపోతుంది.

పట్టాలబండి:
ఇంకో మాట. మీట నొక్కితే ప్రత్యేక మ్యాప్ తయారైపోదు. ఓపెన్‌రైల్వేమ్యాప్ చూడండి. అది రైలుమార్గాలు తప్ప మిగతావన్నీ తీసేసిన మ్యాప్ కాదు. వేగపరిమితి, విద్యుదీకరణ, సిగ్నళ్లు ఒక్కోటి ఎలా చూపాలో కూర్చుని ఆలోచించి గీసినది. సముద్ర నావికుల కోసం ఓపెన్‌సీమ్యాప్, సైకిలువాళ్ల కోసం సైక్‌లోఎస్ఎం కూడా అలాంటివే. ప్రధాన సైటు అందరికీ అన్నీ అయిపోవాలనే ఆరాటం నాకు అర్థం కాదు. ఒక్కసారి చూసుకోవడానికి, ప్రశ్న రాసి డేటా వెతికే ఓవర్‌పాస్ టర్బో సైటు చాలు, నలుగురికి పంచడానికి సొంత మ్యాప్ చేసుకునే యూమ్యాప్ ఉంది.

దారిగీత:
ఓవర్‌పాస్ మనకు తెలుసు. మ్యాప్ చూడటానికి వచ్చిన మామూలు మనిషిని ప్రశ్న రాసుకోమంటారా? ప్రశ్నను తానే రాసిపెట్టే విజర్డ్ ఉన్నా, దానికీ ఏం టైపు చేయాలో తెలియాలి.

ఒకటి మరచిపోతున్నారు. తాము ఎక్కించినది కనిపించకపోతే జనం దొంగ ట్యాగులు పెడతారు. పార్కు కానిదాన్ని పార్కు అంటారు, పచ్చరంగు వస్తుందని. కోరినది చూసుకునే వీలుంటే ఆ రోగం తగ్గుతుంది.

ఖాళీచోటు:
తగ్గదు, తావు మారుతుంది. ‘ఆసుపత్రులు’ గడిలో తమ పేరు రావాలని ప్రతి చిన్న క్లినిక్కూ ఆసుపత్రి అయి కూర్చుంటుంది. ఇక మూలన రాసే వివరణను ఎవరు చదువుతారు? లైసెన్సు ప్రకారం ఉండాల్సిన ‘ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ కంట్రిబ్యూటర్లు’ అనే మాటనే చాలా యాప్‌లు ఎక్కడో దాస్తున్నాయి.

నడకదారి:
అయితే రాయవద్దు, చూపండి. కుళాయి గుర్తును ఎప్పుడు సరిచూశారో దాన్ని బట్టి రంగు మారనివ్వండి. ‘చెక్_డేట్’ అనే ట్యాగు ఉండనే ఉంది. వీధుల్లో తిరుగుతూ వివరాలు నింపే స్ట్రీట్‌కంప్లీట్ యాప్ వాడేవారు మళ్లీ వెళ్లి చూసినప్పుడు అది దానంతటదే పడుతుంది. ఆ తేదీ లేనివి వెలిసిపోయినట్టు కనిపిస్తే చాలు.

టైలుపెట్టె:
ఆలోచన బాగుంది. చిక్కల్లా ఆ ట్యాగు కొన్నింటికే ఉండటం. చివరిసారి మార్చిన తేదీని బదులుగా వాడదామని మాత్రం ఎవరూ అనకండి. ఇంట్లో కూర్చుని పేరులో అక్షరం దిద్దినా ఆ తేదీ కొత్తదవుతుంది, కుళాయిలో నీళ్లు వస్తున్నాయో లేదో ఎవరూ చూసి ఉండరు. ముందు కుళాయిల ఒక్క గడితో నమూనా చేద్దాం. రెండు రకాల ట్యాగులూ వెతకాలి, సరిచూడనివి వెలిసినట్టు రావాలి. దారిగీత గారూ, ఏ ట్యాగులు కలపాలో జాబితా మీరు రాస్తారా? ఖాళీచోటు గారు తప్పులు పడతారు, అడగనక్కరలేదు.