ఇంగ్లండ్ రీజినల్ రగ్బీ లీగుల ఎక్కుడు దిగుడు లెక్క మనకాడ ఎట్ల కుదురుతది?

హనుమకొండ_వింగ్:
అన్నలూ, ఒక సలహా కావాలె. ఉత్తర తెలంగాణలో 14 జట్లతోని సెవెన్స్ (ఏడుగురి రగ్బీ) లీగు పెడదామని అనుకుంటున్నం. పైన ఒకటే డివిజన్, 6 జట్లు: హనుమకొండ, వరంగల్, కరీంనగర్, గోదావరిఖని, ఖమ్మం, సిద్దిపేట. కింద రెండు గ్రూపులు, నాలుగేసి జట్లు. గోదావరి దిక్కు పెద్దపల్లి, మంచిర్యాల, జగిత్యాల, హుజూరాబాద్. వరంగల్ దిక్కు జనగామ, మహబూబాబాద్, నర్సంపేట, భూపాలపల్లి. ఇంగ్లండ్‌ల రగ్బీ యూనియన్ రీజినల్ లీగులు నడిచినట్టే నడుపుదామని ఆలోచన. అక్కడ ఎన్ని ఎక్కుతయి, ఎన్ని దిగుతయి? పాయింట్లు ఎట్ల ఇస్తరు? ఒక జట్టు మ్యాచుకే రాకుంటే ఏం చేస్తరు? ఫేస్‌బుక్ ముచ్చట్లు వద్దు, రూల్ ఎట్లుంటదో చెప్పండి.

కాజీపేట_నంబర్8:
ముందు వాళ్ల నిచ్చెన చూడు తమ్మీ. ఇంగ్లండ్‌ల క్లబ్బులను లీగులకు కట్టింది 1987ల. ఇప్పుడున్న రూపం 2022 మార్పుతోని వచ్చింది. పైన ప్రీమియర్‌షిప్, దాని కింద రెండో అంచె, మూడో మెట్టు నేషనల్ 1. నాలుగో మెట్టు నేషనల్ 2, అది మూడు ముక్కలు: నార్త్, వెస్ట్, ఈస్ట్. ఐదో మెట్టు రీజినల్ 1, అది ఆరు ముక్కలు: నార్త్ ఈస్ట్, నార్త్ వెస్ట్, మిడ్‌లాండ్స్, సౌత్ వెస్ట్, సౌత్ సెంట్రల్, సౌత్ ఈస్ట్. దాని కింద రీజినల్ 2, ఇంకా కిందికి పోతే కౌంటీ లీగులు. రీజినల్ 1ల లీగుకు 12 జట్లు అనుకో, ఇంట్లో ఒకటి బయట ఒకటి, మొత్తం 22 మ్యాచులు. సెప్టెంబరుల మొదలైతే ఏప్రిల్ దాకా నడుస్తది.

ఎక్కుడు తేలిక. లీగు గెలిచినోడు నేరుగా పైకి పోతడు. ఆరు రీజినల్ 1 లీగుల నుంచి ఆరుగురు విజేతలు మూడు నేషనల్ 2 లీగులల్ల చేరాలె. అంటే పై మెట్టు నుంచి కూడా ఆరు దిగాలె, లీగుకు రెండు. ఇంతవరకు కూడికలూ తీసివేతలే.

అసలు లొల్లి దిగుడుల ఉంటది. దిగే జట్లు అన్నీ ఒకే దిక్కువి అయితే? నార్త్ నుంచి దిగిన రెండూ నార్త్ ఈస్ట్ దిక్కు ఊర్లవే అనుకో. అప్పుడు ఆ లీగుల జట్లు ఎక్కువైతయి, పక్క లీగుల ఒకటి తక్కువ పడ్తది. అందుకే ప్రతి సీజన్ అయినంక ఆర్ఎఫ్‌యూ (ఇంగ్లండ్ రగ్బీ సంఘం) వాళ్లు మ్యాపు ముందల పెట్టుకొని కూర్చుంటరు. సరిహద్దుల ఉన్న క్లబ్బును పక్క లీగుకు జరుపుతరు. దీన్ని లెవెల్ ట్రాన్స్‌ఫర్ అంటరు: మెట్టు మారది, లీగు మారుతది. మిడ్‌లాండ్స్ క్లబ్బులకు ఇది బాగ ఎరుకే, ఒక ఏడు నార్త్ దిక్కు, ఇంకో ఏడు సౌత్ దిక్కు. 2022ల లీగులను చిన్నగ చేసి మళ్ల కట్టుడుకు పెద్ద కారణం కూడ ఇదే. ప్రయాణం తగ్గించాలె, శనివారం మొత్తం బస్సులనే పోవద్దు.

నీ లీగుకు ఇది రెండో సీజన్‌లనే వస్తది. లెక్క చూడు. పైనుంచి రెండు దిగుతయి, కింది రెండు గ్రూపుల విజేతలు ఎక్కుతరు. దిగినవి కరీంనగర్, గోదావరిఖని అనుకో; ఎక్కినవి పెద్దపల్లి, నర్సంపేట. గోదావరి గ్రూపుల మిగిలిన మూడుకు రెండు కలిసి 5 అయితయి. వరంగల్ గ్రూపుల మూడే. మూడు జట్ల గ్రూపుల ఒక్కోడికి రెండే మ్యాచులు, వాడు ఎందుకొస్తడు? అప్పుడు హుజూరాబాద్‌ను వరంగల్ దిక్కు జరుపుడే మార్గం. కరీంనగర్–వరంగల్ రోడ్డు మీదనే ఉన్నది గదా, ఎటైనా గంట లోపలి ప్రయాణమే. జగిత్యాలను జరుపుతే మాత్రం పంచాయితీ అయితది.

అందుకే మొదటి సీజన్‌కు ముందే రాసిపెట్టు: «రెండు గ్రూపుల్లో జట్ల తేడా ఒకటికి మించితే, పక్క గ్రూపు ఊర్లకు రోడ్డు దూరం తక్కువ ఉన్న జట్టును జరుపుతాం, అభ్యంతరం చెప్పడానికి 7 రోజులు». ఏ జట్టును అన్నది సీజన్ అయినంక ఆలోచిస్తే ప్రతి ఊరోడు కుట్ర అంటడు.

మానేరు_ప్రాప్:
పై అన్న మ్యాపు సంగతి చెప్పిండు, నేను పాయింట్ల సంగతి చెప్తా.

ఇంగ్లిష్ లీగుల్లో గెలుపుకు 4, డ్రాకు 2, ఓటమికి 0. దాని మీద రెండు బోనస్‌లు: నాలుగు ట్రైలు (బంతిని అవతలి గీత దాటించి నేలకు ఆనించడం) లేదా ఎక్కువ కొడితే 1, ఏడు పాయింట్లు లేదా తక్కువ తేడాతో ఓడితే 1. ఒక స్కోరు తీసుకుందాం, 24–20. గెలిచిన జట్టు మూడు ట్రైలు (15), మూడు కన్వర్షన్లు (ట్రై తర్వాత బార్ మీదుగా తన్నేవి, 6), ఒక పెనాల్టీ (3) కొట్టింది. ఓడిన జట్టు కన్వర్షన్ ఒక్కటీ పడకుండా నాలుగు ట్రైలు. గెలిచినవాళ్లకు 4, ఓడినవాళ్లకు 2. చివరి నిమిషంలో 17–24తో వెనకబడి ఉన్న జట్టుకు పెనాల్టీ వస్తే, అప్పటికి మూడు ట్రైలే ఉంటే, గోల్‌కు తన్నరు. బంతిని పక్క గీత బయటికి తన్ని, అక్కడి లైనౌట్ (బంతిని మళ్లీ లోపలికి విసిరే వరుస) నుంచి నాలుగో ట్రైకి పోతారు. పోగొట్టుకున్నా ఏడు తేడా బోనస్ చేతిలోనే ఉంటుంది. పట్టిక అడుగున ఉన్న జట్లు సీజన్ చివర్లో ఈ ఒక్కో పాయింటు మీదే బతుకుతాయి.

సమానమైతే ముందు గెలుపుల సంఖ్య, తర్వాత డ్రాలు, తర్వాత చేసిన పాయింట్లకూ ఇచ్చిన పాయింట్లకూ తేడా, ఆ తర్వాత మొత్తం చేసిన పాయింట్లు. గెలుపులు ముందు పెట్టడంలో అర్థం ఉంది: బోనస్‌లు పోగేసిన జట్టు కన్నా మ్యాచులు గెలిచిన జట్టు పైన ఉండాలి.

కానీ ఇది మొత్తం 80 నిమిషాల, 15 మంది ఆట లెక్క. మీది సెవెన్స్. ఏడేసి నిమిషాల రెండు హాఫ్‌లు, మధ్యలో 2 నిమిషాలు. అందులో గట్టి జట్టు నాలుగు ట్రైలు కొట్టడం మామూలు విషయం, ఆ బోనస్‌కు విలువ ఉండదు. ఏడు తేడా అంటే ఒక్క ట్రై, ఒక్క కన్వర్షన్. చాలా మ్యాచులు అట్లనే ముగుస్తాయి. అంతర్జాతీయ సెవెన్స్ పూల్స్‌లో (గ్రూపు మ్యాచుల్లో) వాడిన 3-2-1-0 పెట్టుకోండి: గెలుపుకు 3, డ్రాకు 2, ఓటమికి 1, రాకపోతే 0. మీ మూడో ప్రశ్నకు సగం జవాబు దాంట్లోనే ఉంది. వచ్చి ఓడినవాడికి ఒక పాయింటు, ఇంట్లో పడుకున్నవాడికి సున్నా.

హనుమకొండ_వింగ్:
బోనస్ తీసేస్తే ఇంగ్లండ్ లెక్క ఏముంటది అన్నా ఇగ? పిల్లలు ట్రైలకు ఉరుకాలె అని గదా బోనస్.

మానేరు_ప్రాప్:
సెవెన్స్‌లో ట్రైలకు కాక దేనికి ఉరుకుతారు తమ్మీ, పెనాల్టీ గోల్ తన్నేవాడిని చూశావా ఎప్పుడైనా? ఆ ప్రోత్సాహం ఆటలోనే ఉంది. ఇంగ్లండ్ నుంచి తీసుకోవాల్సింది నిచ్చెన, క్రమశిక్షణ.

సింగరేణి_హుకర్:
రాని జట్ల సంగతి ఇంకా తేలలేదు. అక్కడ కింది లీగులల్ల మ్యాచులు ఆగేది ఎక్కువగా ఫ్రంట్ రో లేక, అంటే రెండు జట్లు వంగి నెట్టుకునే స్క్రమ్‌ల ముందు వరుసోళ్లు లేక. 15 మంది ఆటల, జట్టు జాబితాల 23 మంది ఉంటే అందుల ఆరుగురు ముందు వరుసల ఆడేటోళ్లు ఉండాలె. 19 నుంచి 22 అయితే ఐదుగురు. 16 నుంచి 18 అయితే నలుగురు. 15 అయితే ముగ్గురు. శుక్రవారం రాత్రి ఒక ప్రాప్‌కు (ముందు వరుసల ఆడేటోడు) జరమొస్తే క్లబ్బు మొత్తం ఆగమైతది. అందుకే చివరి మెట్ల దగ్గర తక్కువ మందితోని, నెట్టుకునుడు లేని స్క్రమ్‌లతోని అయినా మ్యాచు నడుపుకోమని వీలిచ్చిన్రు. వాకోవర్ కన్నా ఏదో ఒక ఆట నయం.

నీకు మూడు రూల్స్ కావాలె. రాని జట్టుకు సున్నా పాయింట్లతోపాటు మొత్తంల నుంచి కోత కూడా ఉండాలె, లేకుంటే ఎట్లాగూ ఓడిపోయే మ్యాచుకు డీజిల్ ఖర్చు ఎందుకు అనుకుంటరు. వచ్చిన జట్టుకు గెలుపు పాయింట్లు ఇయ్యి, కానీ స్కోరు 0–0 అనే రాయి. 40–0 లాంటి ఉత్త స్కోరు ఇస్తే పాయింట్ల తేడా పాడైతది, చివర్ల దాని మీదనే ఒకడు ఎక్కుతడు. మూడోది, సీజన్ నడుమల ఒక జట్టు పూర్తిగా తప్పుకుంటే దాని అన్ని మ్యాచులూ పట్టికల నుంచి కొట్టెయ్. ముందు ఆడిన ఫలితాలు ఉంచితే, దాన్ని ఓడించినోళ్లకు లాభం, ఆడాల్సిన మ్యాచు మిగిలినోళ్లకు నష్టం. తప్పుకున్న జట్టునే దిగిన జట్లల్ల ఒకటిగా లెక్కేసుకో, అప్పుడు ఇంకొకటే దిగుతది.

ఇంకో మాట. ఒక్క ఊరు రెండు జట్లు పెడతా అంటే ముందే చెప్పు: రెండూ ఒకే డివిజన్‌ల ఉండయి. ఆ ఊరి మొదటి జట్టు కిందికి దిగితే, అదే డివిజన్‌ల ఉన్న రెండో జట్టు ఇంకా కిందికి పోవాలె. లేకుంటే చివరి వారం అన్నదమ్ముల మ్యాచు ఎట్ల పోతదో అందరికీ ఎరుకే.

కాజీపేట_నంబర్8:
పై మాటలకు ఒకటి కలుపుతున్న. పట్టికల మొదటి స్థానం ఒక్కటే పైకి తీసుకపోతదని రాయకు. ఇంగ్లండ్‌ల పై మెట్టుకు పోవాలంటే 10,001 మంది పట్టే స్టేడియం అడిగేది. 2022ల ఈలింగ్ క్లబ్బు రెండో డివిజన్ గెలిచింది, గ్రౌండ్ చాలదని ఎక్కనియ్యలే. ఇటుదిక్కు సారసెన్స్ క్లబ్బు: 2019–20 సీజన్‌ల జీతాల పరిమితి దాటినందుకు మొత్తం 105 పాయింట్లు కోసి, సీజన్ అయిపోకముందే దింపుతున్నమని తేల్చిన్రు. యూరప్ విజేతలైనా వదిలిపెట్టలే. ఇవి పెద్దోళ్ల ముచ్చట్లే, కానీ నీ దగ్గర కూడా పై డివిజన్ జట్టు రెండు రోజులు ఆతిథ్యం ఇయ్యాలె గదా. గ్రౌండ్, పోల్స్, ఫస్ట్ ఎయిడ్, నీళ్లు లేని ఊరు గెలిస్తే ఏం చేస్తవో ముందే రాసుకో. నా మాట: ఎక్కనియ్యి, ఆతిథ్యం పక్క ఊరికి ఇయ్యి. గెలిచినోన్ని ఆపితే రెండో ఏడు జట్టే ఉండది.

ప్లేఆఫ్ పెట్టాలంటే పాత పద్ధతి మంచిగుంటుండె: నేషనల్ 2 నార్త్, సౌత్ అని రెండే లీగులు ఉన్నప్పుడు రెండిటి రన్నరప్‌లు ఒకే మ్యాచు ఆడేది, రికార్డు మంచిగున్నోని గ్రౌండ్ల. గెలిచినోడు మూడో జట్టుగ ఎక్కేది.

హనుమకొండ_వింగ్:
సరే అన్నలూ, రూల్స్ రాస్తున్నం. 6 జట్లు ఒక్క కాడ కూడితే ఫిక్చర్ ఎట్ల వెయ్యాలె? ఒక్క రోజుల అయిపోతదా?

సింగరేణి_హుకర్:
ఒక్క రోజుల వద్దు, ఒక్కో జట్టుకు ఐదు మ్యాచులు పడ్తయి. మ్యాచుకు 25 నిమిషాలు పెట్టుకో, 15 మ్యాచులకు ఆరుంబావు గంటలు. శనివారం మూడు రౌండ్లు, ఆదివారం రెండు. ఒక జట్టును కదపకుండా మిగిలినోళ్లను తిప్పితే ఇట్ల వస్తది:

1: ఏ–ఎఫ్, బీ–ఈ, సీ–డీ
2: ఏ–ఈ, ఎఫ్–డీ, బీ–సీ
3: ఏ–డీ, ఈ–సీ, ఎఫ్–బీ
4: ఏ–సీ, డీ–బీ, ఈ–ఎఫ్
5: ఏ–బీ, సీ–ఎఫ్, డీ–ఈ

ఇదే వరుసల ఆడిపియ్యి, ఎవ్వనికీ వెంటవెంట మ్యాచు పడది. నాలుగు జట్ల గ్రూపుల మాత్రం పడ్తది: ఏ–బీ, సీ–డీ అయినంక ఏ–సీ అంటే సీ జట్టు ఊపిరి తీసుకోదు. అక్కడ రౌండు రౌండుకు నడుమ గంట ఇయ్యి. తలకు దెబ్బ తగిలి తూలినోన్ని ఆ రోజు మళ్ల దింపకు, «బాగానే ఉన్నన్నా» అన్నా సరే. బ్రిటన్‌ల కింది స్థాయి ఆటలకు కనీసం 21 రోజుల దాకా పోటీ ఆట లేదు.

మానేరు_ప్రాప్:
తేదీలు వేసేటప్పుడు ఇంగ్లండ్ క్యాలెండర్ చూడొద్దు. సెప్టెంబరులో నల్లరేగడి గ్రౌండ్లు బురద, మార్చిలో ఇంటర్ పరీక్షలు, ఏప్రిల్‌లో ఎండ. నవంబర్ నుంచి ఫిబ్రవరి, సంక్రాంతి వారం వదిలేసి. మేడారం జాతర ఉన్న ఏడాది ఆ వారం, దాని ముందు వారం కూడా ఏమీ పెట్టకండి, ఆర్టీసీ బస్సులు అటే ఉంటాయి. మంచిర్యాల, పెద్దపల్లి వాళ్లకు కాజీపేట రైలు ఉంది కాబట్టి మొదటి మ్యాచు రైలు టైం చూసి పెట్టండి.

హనుమకొండ_వింగ్:
ఫుట్‌బాల్ గోల్ పోస్టులకే పైపులు కట్టి నడుపుకోవచ్చా?

మానేరు_ప్రాప్:
కుదరదు. ఫుట్‌బాల్ గోల్ వెడల్పు 7.32 మీటర్లు, బార్ ఎత్తు 2.44. రగ్బీకి పోస్టుల మధ్య 5.6, బార్ పై అంచు 3 మీటర్ల ఎత్తులో. సెవెన్స్‌లో కన్వర్షన్ డ్రాప్ కిక్ (బంతి నేల తాకి లేచేటప్పుడు తన్నడం), బార్ తక్కువ ఎత్తులో ఉంటే ప్రతి తన్నూ దాని మీదుగా పోతుంది. ఒక్కో దిక్కుకు 6 మీటర్ల జీఐ పైపులు మూడు తీసుకోండి. రెండు నిలువు, మీటరు భూమిలోకి పోయినా 5 మీటర్లు పైనుంటుంది, నియమం 3.4 దాటాలనే. మూడోది 5.6కు కోసి అడ్డం. మనిషెత్తు దాకా ఫోము చుట్టి తాడుతో కట్టండి. నిలువు పైపులకు భూమిలో సాకెట్ పెట్టిస్తే ఆట అయ్యాక పీకెయ్యొచ్చు, గ్రౌండ్ వాళ్లు కూడా ఏమీ అనరు.