తిలాపాపం తలా పిడికెడు: ఎవరి పిడికిలి ఎంత?

వాతావరణ మార్పు గురించి నిన్న ఇక్కడ ఒక మిత్రులు రాసిన వాక్యం ఇది: "తిలాపాపం తలా పిడికెడు, ఇప్పుడు మన దేశం ఐరోపా సమాఖ్యనే మించిపోయింది." రెండో సగం నిజమే. ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2024లో వెలువరించిన నివేదిక ప్రకారం, 2023లో భారతదేశపు హరితగృహ వాయు ఉద్గారాలు, అంటే భూమిని వేడెక్కించే వాయువుల విడుదల, 414 కోట్ల టన్నులు. 27 దేశాల ఐరోపా సమాఖ్యవి 323 కోట్ల టన్నులు. నా అభ్యంతరమంతా మొదటి సగంతోనే.

ఈ సామెత వెనక తిలదానం ఉంది. నువ్వులు దానం పట్టినవారికి ఇచ్చినవారి పాపం చుట్టుకుంటుందని నమ్మకం. ఒక్కరే మోయలేని ఆ పాపాన్ని పదిమందీ పంచుకుంటే తలా ఒక పిడికెడు. 'తల'కు దీర్ఘం చేరగానే 'ఒక్కొక్కరికీ' అనే అర్థం వచ్చింది చూడండి. తలా రెండు అరిసెలు పెట్టమంటే ఒకరికి మూడు, ఇంకొకరికి ఒకటి పెట్టం. సామెతలో పిడికిళ్లన్నీ ఒకే కొలత.

ఈ లెక్కలో అవి ఒకే కొలత కావు. అదే నివేదికలో భారతీయుల తలసరి ఉద్గారాలు 2.9 టన్నులు, ఐరోపా సమాఖ్యవి 7.3, అమెరికావి 18. ఆఫ్రికా సమాఖ్యలోని 55 దేశాలవి 2.2 టన్నులే. ప్రపంచ సగటు 6.6. ఐరోపా సమాఖ్య జనాభాకు మూడు రెట్లకు పైగా జనం ఉన్న దేశం మొత్తంలో దాన్ని మించడం వింత కాదు. తల లెక్కన మాత్రం దాని వాటాలో సగానికి కూడా రాలేదు. 1850 నుంచి 2022 వరకు పేరుకున్న బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడ్)లో ఐరోపా సమాఖ్య వాటా 12 శాతం, మనది 3 శాతం. ఇవన్నీ పక్కనపెట్టి 'మించిపోయింది' అనే ఒక్క క్రియతో వాక్యం ముగించడం నాకు అన్యాయంగా తోస్తుంది.

తిలదానం పోలిక మాత్రం మరోచోట నిజంగా అతుకుతుంది. ఈ లెక్కల్లో పొగను వస్తువు తయారైన దేశం ఖాతాలో వేస్తారు, వాడుకున్న దేశం ఖాతాలో కాదు. మన కొలిమిలో కరిగిన ఉక్కు ఐరోపాకు వెళ్లినా దాని పొగ మన పద్దులోనే ఉంటుంది. వాడుక వారిది, పాపం మనది.

"అయితే సామెత మానేసి 'తలసరి' అని రాస్తే సరిపోతుంది కదా" అని ఇంకొకరు అడిగారు. మంచి మాటే, నేనూ వాడతాను. కానీ అందులోని 'సరి' కూడా కొంత మాయ చేస్తుంది. మూడు ఏసీలు, రెండు కార్లు ఉన్న ఇల్లూ, రాత్రంతా ఒక్క ఫ్యాను తిరిగే ఇల్లూ ఆ 2.9 టన్నుల్లోనే కలిసిపోతాయి. దేశాల మధ్య తేడాను చూపించే మాటే దేశం లోపలి తేడాను కప్పేస్తుంది.

'ఉద్గారం' అనే మాటకు అసలు అర్థం ఏమిటని అడిగిన సోదరికి: సంస్కృతంలో దానికి తేన్పు, వాంతి అనే అర్థాలున్నాయి. తమిళులు ఇదే భావానికి 'ఉమిళ్వు' అంటారు; మన 'ఉమియు' దానికి చుట్టమే. పత్రికలు అన్నిటినీ కలిపి 'కర్బన ఉద్గారాలు' అనేస్తున్నాయి గానీ, పై లెక్కలో పశువుల నుంచీ వరిమళ్ల నుంచీ వచ్చే మీథేన్ కూడా ఉంది. నూరేళ్ల లెక్కన అది అంతే బరువున్న బొగ్గుపులుసు వాయువు కన్నా దాదాపు 28 రెట్లు వేడి పుట్టిస్తుంది. ఆవులూ గేదెలూ మీథేన్‌ను ఎక్కువగా వదిలేది తేన్చినప్పుడే. అక్కడ ఉద్గారం అనే మాట అక్షరాలా సరిపోతుంది.