పెద్దపేగు క్యాన్సర్‌కు ఎంఎస్‌ఐ పరీక్ష చాలదా, కొత్త జీన్ స్కోర్లు కావాలా?

లెక్కలపిచ్చి:
గడ్డలో జన్యువుల చురుకును కొలిచి ఏడు జన్యువుల స్కోరట, తొమ్మిది జన్యువుల స్కోరట, రోజుకో పేపరు. రోగి ఎన్నాళ్లుంటాడో, ఇమ్యునోథెరపీ (రోగనిరోధక శక్తిని గడ్డ మీదికి ఉసిగొల్పే మందు) పనిచేస్తుందో లేదో చెప్పేస్తాయట. చాలావాటికి ఆధారం ఒకటే, వేల క్యాన్సర్ గడ్డల జన్యు వివరాలు పోగుచేసిన టీసీజీఏ డేటా. అందులోని రోగులకు దాదాపు ఎవరికీ ఇమ్యునోథెరపీ ఇవ్వనే లేదు! ఇవ్వని మందు ఎవరికి పనిచేస్తుందో ఎలా తెలుస్తుంది? 2011లో రొమ్ము క్యాన్సర్ డేటా మీద కొందరు లాటరీ తీసినట్టు జన్యువులను ఏరి చూశారు. ఆ జాబితాల్లోనూ చాలావరకు రోగుల ఆయుష్షుతో ముడిపడినట్టే కనిపించాయి. డీఎన్‌ఏ తప్పులు దిద్దే యంత్రాంగం చెడిందో లేదో చెప్పే ఎంఎస్‌ఐ పరీక్ష ఉందిగా, నాకు అది చాలు.

కొత్తమొలక:
చాలదండీ. కీనోట్-177 అనే ట్రయల్‌లో అందరూ ఎంఎస్‌ఐ-హై రోగులే, అంటే గడ్డలో ఆ దిద్దే యంత్రాంగం చెడినవాళ్లే. వ్యాధి ముదరకుండా ఉన్న కాలం పెంబ్రోలిజుమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందుతో 16.5 నెలలు, కీమోతో 8.2. బాగానే ఉంది. కానీ పెంబ్రో తీసుకున్నవాళ్లలో 29 శాతానికి అసలు ఆగకుండా ముదిరింది, కీమోలో అది 12 శాతమే. ఆ 29 శాతాన్ని ముందే పట్టుకోవద్దా? పైగా డీఎన్‌ఏను నకలుచేసే పీఓఎల్‌ఈ జన్యువులో మార్పున్న కొందరికి ఎంఎస్‌ఐ స్టేబుల్ (దిద్దే యంత్రాంగం బాగానే ఉంది) అని వచ్చినా మందు పనిచేస్తుంది.

స్లైడుముందు:
నేను పాథాలజీలో పనిచేస్తాను. ఆ దిద్దే ప్రొటీన్లలో ఒకటైన ఎంఎల్‌హెచ్1 ఉందో లేదో చూపే స్టెయిన్‌లో గడ్డ కణాల కేంద్రకాలు నీలంగా మిగిలి, పక్కనున్న లింఫోసైట్లు (ఒక రకం తెల్ల రక్తకణాలు) గోధుమరంగుకు తిరగాలి. అప్పుడే ఆ ప్రొటీన్ పోయిందని, అంటే యంత్రాంగం చెడిందని రాస్తాం. పక్క కణాలకూ రంగు పట్టలేదంటే స్టెయినే చెడింది, మళ్లీ వేయాలి. తొందరలో అది చూడకుండా రిపోర్టు రాసేవాళ్లున్నారు. మందుకు లొంగని కొన్ని కేసులను తిరిగి పరీక్షిస్తే అసలు ఎంఎస్‌ఐ-హైయే కాదని 2019లో తేలింది. మీ 29 శాతంలో ఇలాంటివి ఎన్నున్నాయో!

కొత్తమొలక:
ఉంటాయి, ఒప్పుకుంటాను. కానీ అన్నీ అవే అనలేం కదా.

లెక్కలపిచ్చి:
అననులెండి. పీఓఎల్‌ఈ మాట కూడా నిజమే, కాకపోతే అది నూటికి ఒకరిద్దరి సంగతి. నా పేచీ అది కాదు. రోగి భవిష్యత్తు వేరు, మందు పనిచేయడం వేరు. బీఆర్‌ఏఎఫ్ వీ600ఈ అనే జన్యుమార్పు ఉంటే మామూలుగా గడ్డు పరిస్థితే. అదే ఎంఎస్‌ఐ-హైతో కలిసి ఉంటే ఇమ్యునోథెరపీ పనిచేయవచ్చు. ఈ స్కోర్లు రెంటినీ ఒకే గాటన కట్టేస్తున్నాయి. ఇమ్యునోథెరపీ నిజంగా తీసుకున్న పెద్దపేగు రోగుల్లో, వేరే బృందం పరీక్షించి నెగ్గిన స్కోరు ఒక్కటి చూపండి, చదువుతాను.