వినైల్ లైనర్ పూల్ గుంతలో ఊట: ఏం చేయమంటారు?

అందరికీ నమస్కారం. మేముండేది న్యూజెర్సీలో. పెరట్లో 16×32 అడుగుల వినైల్ లైనర్ పూల్ (గుంతలో ప్లాస్టిక్ షీటు పరిచి నీళ్లు నింపే ఈత కొలను) కిట్ తెప్పించి సొంతంగా కట్టుకుంటున్నాం. కాంట్రాక్టర్‌ని పిలవమని మాత్రం చెప్పకండి, ఆ మాట మా ఆవిడ రోజూ అంటూనే ఉంది.

పర్మిట్ వచ్చింది. స్టీల్ ప్యానెళ్లు నిలబెట్టి, లెవెల్ చూసి, వాటి అడుగున చుట్టూ కాంక్రీట్ పోశాం. ఇప్పుడేమో లోతు వైపు ఊట మొదలైంది. సాయంత్రం తోడేస్తే తెల్లారేసరికి మళ్లీ నీళ్లే. ఈ తడి మీద, అడుగు భాగానికి వర్మిక్యులైట్ (తేలికైన ఖనిజపు పలుకులు), సిమెంట్ కలిపి మెత్తితే నిలుస్తుందా? లైనర్ వేశాక కింద నీరు చేరితే లైనర్ పైకి తేలుతుంది కదా, అదీ నా భయం. కంకర పరిచి, ఓ మూల సంప్ పంపు (గుంతలో చేరిన నీటిని తోడేసే మోటారు) పెడితే సరిపోతుందా, చుట్టూ డ్రెయిన్ పైపు కూడా వేయాలా? స్వయంగా కట్టినవాళ్లెవరైనా ఉంటే కాస్త చెప్పండి. ఫొటోలు కావాలంటే పెడతాను.