మొబిలిటీ స్కూటర్‌తో శంషాబాద్ నుంచి బెంగళూరుకు: బ్యాటరీని రానిస్తారా?

ప్రశ్న (రిటైర్డ్ టీచర్, వరంగల్):
నమస్కారమండీ. పోలియో వల్ల నాకు నడక కష్టం. మడతపెట్టే మొబిలిటీ స్కూటర్ మీదే తిరుగుతాను. వచ్చే నెల మనవరాలి అన్నప్రాశనకు శంషాబాద్‌లో విమానం ఎక్కి బెంగళూరు వెళ్లాలి. స్కూటర్‌ది లిథియం బ్యాటరీ, 24 వోల్టులు, 10 యాంపియర్ అవర్లు. రానిస్తారా? దారిలో బండికి ఏమైనా అయితే అక్కడ ఒక మూల కూర్చోవాల్సి వస్తుందని చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు:
రానిస్తారు మేడమ్. 24ని 10తో గుణిస్తే 240 వాట్ అవర్లు. ఊడదీసే లిథియం బ్యాటరీకి పరిమితి 300. దాన్ని తీసి, టెర్మినల్స్‌కి టేపు వేసి, విడి సంచీలో మీతోపాటు క్యాబిన్‌లోకే తీసుకెళ్లాలి. చెక్-ఇన్ లగేజీలో వేయకూడదు. వాట్ అవర్లు రాసి ఉన్న కాగితం దగ్గరుంచుకోండి. 48 గంటల ముందే ఎయిర్‌లైన్‌కి బండి బరువు, కొలతలు చెప్పి, ఒప్పుకున్నట్టు మెయిల్ తీసుకోండి. ఫోన్లో విన్న మాట కౌంటర్ దగ్గర పనికిరాదు.

జవాబు:
మా నాన్నగారిదీ ఇలాంటి బండే. చెక్-ఇన్‌లోనే ఇచ్చేయమంటారు. విమానం తలుపు దాకా దాని మీదే వస్తామని, దిగాక అక్కడికే తెచ్చివ్వమని మర్యాదగా, గట్టిగా అడగండి. ఒకసారి బెల్టు మీద పంపేస్తే హ్యాండిల్ వంగిపోయింది. ఆయన ఆ రోజంతా అన్నం ముట్టలేదు. అప్పటినుంచి ఇచ్చేముందు నాలుగు వైపులా ఫొటోలు తీస్తున్నాం. తాళంచెవి, బుట్ట ఊడదీసి మా దగ్గరే ఉంచుకుంటాం. దెబ్బ కనిపిస్తే ఎయిర్‌పోర్టు దాటకముందే ఫిర్యాదు రాయించండి.

ప్రశ్న అడిగినవారు:
చాలా థ్యాంక్సండీ. తలుపు నుంచి సీటు దాకా ఎలా?

జవాబు:
నడవాలో పట్టే సన్నటి చక్రాల కుర్చీ ఉంటుంది మేడమ్. టికెట్ బుక్ చేసేటప్పుడే అడగండి. ఎత్తేవాళ్లకు ఎక్కడ పట్టుకోవాలో, ఎక్కడ పట్టుకోకూడదో మీరే ముందుగా చెప్పండి.