ట్యాబ్‌లో లడ్డూల గేమ్: బుట్ట కదలట్లేదు, ఎవరైనా చెప్పండి

కొర్లగుంట జెరాక్స్:
మధ్యాహ్నం అన్నం కూడా తినకుండా దీని ముందే కూర్చున్నా, తల పగిలిపోతోంది. పైనుంచి లడ్డూలు పడతాయి, కింద బుట్టతో పట్టుకోవాలి. నేను సొంతంగా చేస్తున్న గేమ్ అంతే. లడ్డూలు పడుతున్నాయి, బుట్ట మాత్రం ఉన్నచోటే ఉంది. కుడి బాణం నొక్కితే కుడికి, ఎడమది నొక్కితే ఎడమకి పోవాలి కదా? నేర్పే వీడియోలో ఒకాయన చూపించినట్టే పెట్టాను. ఆయనకు కదులుతుంది, నాకు కదలదు. ట్యాబ్ ఆపి మళ్లీ వేశాను. యాప్ తీసేసి మళ్లీ ఎక్కించాను. ఆదివారం మా అక్క కొడుక్కి చూపిస్తానని మాటిచ్చేశా, టెన్షన్‌గా ఉంది.

పచ్చజెండా:
ఏ యాప్?

కొర్లగుంట జెరాక్స్:
స్క్రాచే కదన్నా, బ్లాకులు అతికించి గేములు చేసేది. ఇంకేముంటుంది.

గాలిగోపురం:
గేమ్ సంగతి తర్వాత నాయనా, ముందు ఇది చెప్పు. పట్టుకోలేకపోతే లడ్డూ ఏమవుతుంది? నేల మీద పడుతుంది. శ్రీవారి ప్రసాదం కిందపడితే గేమ్ ఓవరా? కవర్లో రాలిన బూందీ పలుకు కూడా ఏరి కళ్లకద్దుకునే ఊరు మనది. పైగా తిరుపతి లడ్డూకి 2009లోనే జీఐ ట్యాగ్ వచ్చింది, అంటే ఆ పేరు ఆ ఊరి లడ్డూకే చెల్లుతుందనే గుర్తింపు. రేపు దీన్ని ప్లే స్టోర్‌లో పెడితే ఆ పేరు వాడినందుకు ఎవరైనా అడగరా? ఆలోచించు.

పచ్చజెండా:
ఆయన లడ్డూలు అమ్మట్లేదు స్వామీ, బొమ్మ గీశాడు.

గాలిగోపురం:
బొమ్మైనా భక్తి ఉండాలి కదా. నేను తప్పు చెప్పానా?

అర్ధరాత్రి కోడర్:
స్క్రాచ్ చిన్నపిల్లలది బ్రో. గోడో పెట్టుకో, కోడ్ రాసి గేములు చేసే సాఫ్ట్‌వేర్. ఎడిటర్ ఆండ్రాయిడ్‌కే వచ్చింది, ఉచితం. నిజమైన ప్రోగ్రామింగ్ అక్కడ నేర్చుకుంటావు. రంగురంగుల ముక్కలు అతికిస్తే అది కోడింగ్ కాదు.

పుత్తూరు టీచర్:
మొదటి గేమ్ చేసే మనిషికి గోడో ఎందుకండీ? ట్యాబ్ స్క్రీన్ మీద వేలితో కోడ్ టైప్ చేసి చూశారా, సగం స్క్రీన్ కీబోర్డుకే పోతుంది. మళ్లీ మళ్లీ చేయించే లూపు, ‘ఇలా అయితే అలా చెయ్యి’ అనే షరతు, స్కోరు లాంటివి దాచుకునే వేరియబుల్ మూడూ స్క్రాచ్‌లో ఉన్నాయి. అది ప్రోగ్రామింగ్ కాకపోతే మరేంటి?

అర్ధరాత్రి కోడర్:
టైప్ చేయనిది ప్రోగ్రామింగ్ ఎలా అవుతుంది మేడం. కంపెనీలో ఇంటర్వ్యూకి పోయి స్క్రాచ్ వచ్చని చెప్పమనండి.

పుత్తూరు టీచర్:
ఆయన అడిగింది ఉద్యోగం కాదు, బుట్ట. జెరాక్స్ గారూ, బాణం నొక్కుతున్నానన్నారు. ఏ బాణం? ట్యాబ్‌కి కీబోర్డు తగిలించారా?

కొర్లగుంట జెరాక్స్:
కీబోర్డు ఎందుకు మేడం? స్క్రీన్ మీద కింద రెండు బాణాలు గీశా కదా, వాటినే నొక్కుతున్నా.

పచ్చజెండా:
ఓహో.

పుత్తూరు టీచర్:
అదీ సంగతి. ‘వెన్ రైట్ యారో కీ ప్రెస్డ్’ అనే బ్లాకు ఎదురుచూసేది కీబోర్డు మీద మీట కోసం. మీరు గీసిన బాణం దానికి వట్టి బొమ్మే. వీడియోలో ఆయన కంప్యూటర్ మీద చేసుంటాడు, అందుకే కదిలింది. ట్యాబ్‌లో మీ వేలే మౌస్. కాబట్టి బాణాలు తీసేయండి. బుట్ట మీద గేమ్ మొదలుపెట్టే పచ్చజెండా బ్లాకు పెట్టి, దాని కింద ఆగకుండా తిరిగే ‘ఫరెవర్’, లోపల ‘సెట్ ఎక్స్ టు’, దాని ఖాళీలో సెన్సింగ్ అనే వరుస నుంచి ‘మౌస్ ఎక్స్’ తెచ్చి వేయండి. ఎక్స్ అంటే అడ్డంగా ఎక్కడుందో, వై అంటే నిలువుగా ఎక్కడుందో. వేలు ఎటుపోతే బుట్ట అటు పోతుంది.

బాణాలే కావాలంటే బాణం బొమ్మ మీద ‘వెన్ దిస్ స్ప్రైట్ క్లిక్డ్’ పెట్టి, అక్కడి నుంచి బుట్టకు ‘బ్రాడ్‌కాస్ట్’ పంపాలి. బుట్ట ఆ కబురు అందుకుని కుడి బాణమైతే ఎక్స్‌ను 10 పెంచుకుంటుంది, ఎడమదైతే 10 తగ్గించుకుంటుంది. కానీ వేలు నొక్కిపట్టినా ఒక్కసారే కదులుతుంది, విసుగొస్తుంది. మొదటిదే మేలు.

కొర్లగుంట జెరాక్స్:
కదిలింది మేడం!! కానీ ఇప్పుడు ఒక్క లడ్డూ పడితే స్కోరు ఏడెనిమిది పెరుగుతోంది. ఇదేంటి?

పచ్చజెండా:
స్క్రాచ్ సెకనుకు సుమారు 30 సార్లు చూస్తుంది. లడ్డూ బుట్టను తాకినంతసేపూ ఒకటొకటి కలుపుకుంటూ పోతుంది. స్కోరు పెంచిన వెంటనే లడ్డూను పైకి పంపు. వై 170, ఎక్స్‌కి ఏదో ఒక అంకె తీసే ‘పిక్ రాండమ్’ –220 నుంచి 220. స్టేజీ, అంటే గేమ్ కనిపించే చోటు, వెడల్పు 480, ఎత్తు 360, మధ్యలో సున్నా. పట్టుకోకపోతే వై –170 దాటగానే పైకి పంపు. అంచు దాకా ఆగితే బొమ్మ అక్కడే ఇరుక్కోవచ్చు.

గాలిగోపురం:
చూశారా, మళ్లీ కిందపడే మాటే. లడ్డూ తీసేసి మామిడికాయ పెట్టు నాయనా. మన చిత్తూరు తోతాపురి ఉంది కదా, ఎవరికీ బాధ లేదు.

తలకోన నీళ్లు:
తోతాపురి ఫ్యాక్టరీకి, గుజ్జు తీయడానికి. బుట్టలో పట్టుకునేది బేనీషా అయితేనే పరువు.

గాలిగోపురం:
తోతాపురి ఉప్పూకారం అద్దుకుని తిన్నావా ఎప్పుడైనా? ఆ ముక్కు చూస్తేనే గుర్తుపడతారు, గేమ్‌లో బొమ్మకి అదే బాగుంటుంది.

తలకోన నీళ్లు:
తియ్యగా ఉండేదాన్ని వదిలేసి ముక్కు కోసం పుల్లటిది పెడతారా అన్నా.

అర్ధరాత్రి కోడర్:
నేను గోడోలో ఇదే గేమ్ చేసి చూపిస్తా, గంట పట్టదు.

పచ్చజెండా:
చెయ్యి. ట్యాబ్‌లోనే.

కొర్లగుంట జెరాక్స్:
స్కోరు సరిపోయింది, థాంక్స్. మామిడికాయే పెట్టా. షాపు తెరవాలి, వెళ్తున్నా.

పుత్తూరు టీచర్:
సేవ్ చేశారా? ఫైల్‌గా ట్యాబ్‌లోకి దించుకోవాలి, పేరు చివర ఎస్‌బీ3 అని ఉంటుంది. యాప్ తీసేసి మళ్లీ ఎక్కించే అలవాటుంది మీకు, అందుకే అడుగుతున్నా.

తలకోన నీళ్లు:
ఏ మామిడి పెట్టాడో చెప్పకుండా పోయాడు.

మదనపల్లె చలి:
ఫోన్‌లో కూడా చేయొచ్చా ఇది? నాకు బ్లాకులు మరీ చిన్నగా కనిపిస్తున్నాయి.